మాస్కు చాటున మొటిమలు

చర్మ సంరక్షణ: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల సమాధానాలు

కరోనా రోజులు గడిచిపోయినా మాస్కుతో పని తీరనివారు మన మధ్య చాలామంది ఉన్నారు. ఆసుపత్రుల సిబ్బంది, మందుల కంపెనీల్లో పనిచేసేవారు, మిర్చి యార్డుల్లోనూ స్పిన్నింగు మిల్లుల్లోనూ రోజంతా దుమ్ములో గడిపేవారు, ఎండకూ పొగకూ తాళలేక ముఖమంతా చున్నీ చుట్టుకొని బండి నడిపే ఆడపిల్లలు ఈ శీర్షికకు రాసిన ఉత్తరాలన్నింటిలోనూ దాదాపు ఒకే బాధ కనిపించింది. అందుకే ఈ సంచికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయించి, అయిదు ఉత్తరాలకు సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ రోగుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నా వయసు 31. డ్యూటీలో ఉన్నంతసేపూ ఎన్95 మాస్కు ఉండి తీరాలి. చదువుకునే రోజుల్లో కూడా నాకు మొటిమలు లేవు. ఇప్పుడు గడ్డం మీద, ముక్కుకు రెండు పక్కలా, బుగ్గల కింది భాగంలో గుంపులుగా వస్తున్నాయి. నుదురు మాత్రం శుభ్రంగా ఉంది. మాస్కు మానేసే వీలు లేదు కాబట్టి వేరే దారి చెప్పగలరు.
– ఒక సోదరి, కర్నూలు

సమాధానం: అమ్మా, నుదురు శుభ్రంగా ఉందని మీరు గమనించి రాయడం చాలా మంచిదయింది, ఎందుకంటే రోగనిర్ధారణకు అదే ముఖ్యమైన ఆధారం. హార్మోన్ల వల్ల వచ్చే మొటిమలు మాస్కు అంచు దగ్గర ఆగిపోవు. మీకు వస్తున్నవి మాస్కు ఒత్తిడి, రాపిడి, లోపలి ఉక్కపోత కలిసి తెచ్చిపెడుతున్నవే. హెల్మెట్ పట్టీ, బిగుతు దుస్తులు ఒరుసుకునే చోట ఇటువంటి మొటిమలు వస్తాయని అమెరికాకు చెందిన మిల్స్, క్లిగ్‌మన్ అనే చర్మవైద్యులు 1975లోనే వివరంగా రాశారు. మాస్కు ఆ పాత జబ్బును లక్షలమంది ముఖాల మీదికి తెచ్చింది, అంతే.

లోపల జరిగేది ఇది. మనం వదిలే ఊపిరి వెచ్చగా, తేమగా ఉంటుంది. అది మాస్కు లోపలే నిలిచిపోవడంతో అక్కడి చర్మం వేడెక్కుతుంది. చర్మం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నూనె స్రావం ఇంచుమించు 10 శాతం పెరుగుతుందని 1970లోనే పరిశోధకులు చూపించారు. తేమకు నాని ఉబ్బిన పైపొర స్వేదరంధ్రాలనూ వెంట్రుకల కుదుళ్లనూ మూసేస్తుంది, బయటికి రావలసిన నూనె లోపలే గడ్డకడుతుంది, మన చర్మం మీద మామూలుగానే ఉండే బాక్టీరియాకు ఆ నూనె ఆహారమవుతుంది. పైనుంచి మాస్కు అంచు మాట్లాడినప్పుడల్లా కదులుతూ అదే చోట ఒరుసుకుంటూ ఉంటుంది. కాబట్టి ఇది మీ అపరిశుభ్రత వల్ల వచ్చింది కాదు, ముఖాన్ని ఎక్కువసార్లు కడిగినంత మాత్రాన పోయేదీ కాదు.

క్షయ గాలి ద్వారా సోకే వ్యాధి కనుక మాస్కు విషయంలో మీరు ఎంతమాత్రం రాజీపడకూడదు. మార్చుకోవలసినవి మాస్కుకు ముందూ తరువాతా ఉన్న అలవాట్లు. డ్యూటీకి బయలుదేరే ముందు నురగ తక్కువగా వచ్చే, సువాసన లేని ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కొని, తడి ఒత్తుకొని, గ్లిజరిన్ గానీ సెరమైడ్లు గానీ ఉన్న పలుచని మాయిశ్చరైజర్ రాసుకోండి. అది చర్మంలోకి ఇంకడానికి అరగంట వ్యవధి ఇచ్చి ఆ తరువాత మాస్కు పెట్టుకోండి. నూనె కారే చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని చాలామంది అడుగుతారు. మాస్కు రాపిడికి చర్మపు రక్షణ పొర దెబ్బతింటుంది, ఆ పొరను నిలబెట్టేది మాయిశ్చరైజరే. దాని డబ్బా మీద రంధ్రాలను మూయదనే అర్థంలో ‘నాన్‌కమిడోజెనిక్’ అని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఫౌండేషన్, పౌడరు వంటివి మాస్కు కింద అసలు వద్దు.

అమెరికా చర్మవైద్యుల సంఘం నాలుగు గంటలకొకసారి పదిహేను నిమిషాలపాటు మాస్కు తీసి ముఖానికి గాలి తగలనివ్వమని సలహా ఇచ్చింది. మన వార్డులలో అది అన్ని వేళలా సాధ్యం కాదని నాకు తెలుసు. అయినా భోజనానికి, టీకి వెళ్లే సమయాన్ని వార్డుకు దూరంగా, గాలి ఆడే ఆరుబయట గడపండి, తీసే ముందూ పెట్టుకునే ముందూ చేతులు కడుక్కోండి. ఎన్95 మాస్కును ఉతకడం గానీ, దాని మీద శానిటైజర్ చల్లడం గానీ చేయకూడదు. ధూళికణాలను పట్టుకునే విద్యుదావేశం దాని పొరల్లో ఉంటుంది, సబ్బు, శానిటైజర్ తగిలితే అది పోతుంది, మాస్కు చూడ్డానికి బాగానే ఉన్నా రక్షణ ఉండదు. ముక్కు దూలం మీద కమిలి పుండు పడేటట్లుంటే పుండ్ల మీద అంటించే పలుచని హైడ్రోకొల్లాయిడ్ పట్టీ వేసుకోవచ్చు గానీ, వేసుకున్న తరువాత గట్టిగా ఊపిరి వదిలి అంచుల నుంచి గాలి బయటికి పోవడం లేదని తప్పకుండా పరీక్షించుకోండి.

ఇక మందు. రాత్రి ముఖం కడుక్కొని, తడి పూర్తిగా ఆరాక, 0.1 శాతం అడాపలీన్ జెల్‌ను శనగగింజంత తీసుకొని, ఒక్కొక్క మొటిమ మీద చుక్కలు పెట్టకుండా, మొటిమలు వచ్చే భాగమంతటా పలుచగా రాయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాస్తే మంట, పొట్టు రాలడం తక్కువగా ఉంటాయి. ఎర్రగా వాచిన మొటిమలు ఎక్కువగా ఉంటే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ కూడా పనికివస్తుంది. ఎక్కువ శాతం ఉన్నది ఎక్కువ మేలు చేస్తుందనుకోకండి, అది మంటనే పెంచుతుంది. దీనిని మాస్కు పెట్టుకోబోయే ముందు రాయవద్దు, రాసిన చోట తగిలే దిండు గలీబులు, తువ్వాళ్లు రంగు వెలిసిపోతాయని కూడా గుర్తుంచుకోండి. మీరు గర్భవతి అయినా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా అడాపలీన్ వాడకూడదు. అప్పుడు అజిలాయిక్ ఆమ్లం ఉన్న క్రీమును మీ డాక్టరును అడిగి తీసుకోండి. ఏ మందయినా ఫలితం చూపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండో వారంలోనే నిరాశపడి మందు మార్చేవారే ఎక్కువ కాలం బాధపడుతున్నారు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. రోజూ స్కూటీ మీద పన్నెండు కిలోమీటర్లు కాలేజీకి వెళతాను. ఎండకు నల్లబడకుండా ముఖానికి చున్నీ గట్టిగా చుట్టుకుంటాను, దాని మీద హెల్మెట్. కొన్ని నెలలుగా బుగ్గలమీద, దవడల దగ్గర మొటిమలు. అమ్మ చెప్పినట్లు రోజూ సున్నిపిండితో బాగా రుద్దుతున్నాను, నిమ్మరసం రాస్తున్నాను, రాత్రి మొటిమ మీద టూత్‌పేస్టు పెడుతున్నాను. తగ్గకపోగా మచ్చలు పడుతున్నాయి.
– ఒక విద్యార్థిని, విజయవాడ

సమాధానం: చున్నీ కూడా మాస్కు వంటిదే, పైగా మాస్కును పారేస్తాం గానీ చున్నీని పారేయం. ఇంటికి వెళ్లాక మీ చున్నీని వెలుతురులో విప్పి, గడ్డానికీ పెదవులకూ తగిలే భాగాన్ని ఒకసారి చూడండి. అక్కడ చెమట, నూనె, పౌడరు, బండ్ల పొగ కలిసి పసుపుపచ్చగానో బూడిద రంగుగానో ఒక చార కట్టి ఉంటుంది. మరునాడు చున్నీ తిప్పి కట్టుకుంటే ఆ పొగ ఉన్న వైపే బుగ్గకు తగులుతుంది. జార్జెట్, నైలాన్ వంటి బట్టలు చెమటను పీల్చవు, చర్మాన్ని ఒరుస్తాయి. మెత్తని నూలు బట్టవి మూడో నాలుగో కేవలం ముఖానికి కట్టుకోవడానికే పెట్టుకొని, రోజుకొకటి వాడి ఉతకండి. కొత్త బట్టలో గంజి, అద్దకం రంగు ఉంటాయి కాబట్టి మొదటిసారి ఉతికిన తరువాతే ముఖానికి కట్టుకోవాలి. సబ్బుపొడి జిగురు పోయేవరకూ రెండు నీళ్లు ఎక్కువగా జాడించి ఎండలో ఆరేయండి. బట్ట మెత్తగా ఉండడానికి వేసే సువాసన ద్రవాలు వద్దు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల మహిళలు కుట్టగా ఇంటింటికీ పంచిన గుడ్డ మాస్కులకూ ఈ మాటలే వర్తిస్తాయి. చాలా ఇళ్లలో అవి ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి, తీసి వాడేటప్పుడు ముందుగా ఉతకండి. హెల్మెట్ లోపలి మెత్తలు ఊడి వచ్చే రకమయితే వాటినీ వారానికొకసారి ఉతకాలి, పట్టీని తడిగుడ్డతో తుడవాలి.

సున్నిపిండి సంగతి నొప్పించకుండా చెప్పాలనే ఉంది. మీ అమ్మగారు ప్రేమతో చెప్పారు, ఆరోగ్యంగా ఉన్న ఒంటికి పండగనాడు నలుగు పెట్టుకుంటే తప్పేమీ లేదు. కానీ మొటిమలున్న ముఖాన్ని గచ్చు తోమినట్లు రోజూ పిండి రజనుతో తోమితే వాచిన మొటిమలు లోపలే పగిలి, వాపు చుట్టుపక్కలకు పాకుతుంది. మన చాయ ఉన్న చర్మంలో వాపు తగ్గిన చోటల్లా నల్లమచ్చ మిగులుతుంది. మొటిమ వారంలో పోతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. నిమ్మరసం ఆమ్లం, దాన్ని రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి ఇంకా నల్లబడుతుంది. టూత్‌పేస్టు పళ్ల కోసం చేసినది, దాని వల్ల మొటిమ ఎండినట్లు కనిపించేది చర్మం కాలడం వల్లనే. పసుపు కొందరికి పడుతుంది, కొందరికి దురద తెస్తుంది. ఈ నాలుగింటినీ ఈ రోజే ఆపేయండి. తలకు రాసే కొబ్బరినూనెను కాలేజీకి వెళ్లే ఉదయం కాకుండా తలస్నానానికి ముందు రాసుకోండి, లేకపోతే చెమటతో కలిసి అదంతా నుదుటిమీదికీ చున్నీలోకీ దిగుతుంది.

వీటికి బదులుగా మీకు కావలసినవి మూడే: రోజుకు రెండుసార్లు మృదువైన ఫేస్‌వాష్ (నూనె ఎక్కువైతే రెంటిలో ఒకసారి శాలిసిలిక్ ఆమ్లం 2 శాతం ఉన్నది), పలుచని మాయిశ్చరైజర్, జెల్ రూపంలో ఉండే ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్. చున్నీ ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానవద్దు, పలుచని బట్టలోంచి ఎండ చర్మాన్ని చేరుతుంది. నెలసరి సక్రమంగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు పెరగడం కూడా ఉంటే మాత్రం చున్నీని నిందించి ఊరుకోకుండా స్త్రీ వైద్యురాలికి చూపించుకోండి.

ప్రశ్న: అయ్యా, మా అమ్మ గుంటూరు మిర్చి యార్డు దగ్గర కాయలు ఏరే పనికి వెళుతుంది. ఘాటుకు తట్టుకోలేక ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటుంది. సాయంత్రానికి గుడ్డ కట్టిన చోటంతా ఎర్రబడి, మంట, దురద. చిన్నచిన్న పొక్కులు కూడా ఉన్నాయి. మొటిమల క్రీము రాస్తే మంట ఎక్కువైంది.
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: బాబూ, ఇవి మొటిమలు కావు, ఆ క్రీము వెంటనే ఆపించండి. మొటిమకు దురద అంతగా ఉండదు. మంట, దురద, ఎరుపు కలిసి గుడ్డ తగిలిన మేరకే ఉన్నాయంటే మిరప ధూళి గుడ్డలో చేరి, చెమటతో తడిసి, గంటల తరబడి చర్మానికి అంటుకొని ఉండడమే కారణమయి ఉంటుంది. తాలు కాయలు ఏరేవారి వేళ్లకూ గోళ్లకూ ఘాటు పట్టి ఉంటుంది. ఆ చేతులతోనే గుడ్డ సర్దుకుంటారు, జారిన ముడి బిగించుకుంటారు, ముఖం తుడుచుకుంటారు. దానితో ధూళి గుడ్డ లోపలి వైపుకు కూడా చేరిపోతుంది.

మిరపలోని ఘాటు పదార్థమైన క్యాప్సైసిన్ నీటిలో దాదాపుగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందువల్ల ఉత్త నీళ్లు చల్లుకుంటే మంట ముఖమంతా పాకుతుందే తప్ప పోదు. పని ముగిశాక మొదట చేతులను సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. తరువాత కొద్దిగా నూనె అద్దిన మెత్తని గుడ్డతో, కళ్లకు తగలకుండా, ముఖాన్ని తేలికగా ఒత్తి తుడిచి, ఆపైన మృదువైన సబ్బుతో చల్లని నీళ్లతో కడుక్కోవాలి. గుడ్డకు బదులు పనికి వెళ్లేటప్పుడు రెండు మూడు మాస్కులు తీసుకెళ్లి, మధ్యాహ్నం అన్నానికి ముందు ఒకటి మార్చుకుంటే సగం బాధ తగ్గుతుంది. గుడ్డే కట్టుకోవలసి వస్తే, లోపలి వైపు గుర్తుగా ఒక మూల రంగు దారంతో కుట్టు వేసి పెట్టండి, ఆ వైపే ఎప్పుడూ చర్మానికి తగలాలి. వాటిని మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. పనికి వెళ్లే ముందు గుడ్డ అంచు ఒరుసుకునే చోట వాసెలిన్ పలుచగా రాసుకోవచ్చు. వారంలో తగ్గకపోయినా, పొక్కుల నుంచి నీరు కారినా ప్రభుత్వ ఆసుపత్రిలోని చర్మ విభాగంలో చూపించండి.

ప్రశ్న: మందుల కంపెనీలో ఉత్పత్తి విభాగంలో పనిచేస్తాను. మాస్కుతోపాటు గడ్డానికి కూడా కవరు తొడుక్కోవాలి. గడ్డం వెంట్రుకల మొదట్లో చీము పొక్కులు వస్తున్నాయి. మాస్కు తాళ్లు తగిలే చెవుల వెనక కూడా పొట్టు రేగుతోంది.
– ఒక ఉద్యోగి, హైదరాబాదు

సమాధానం: ఇవి రెండు వేరువేరు సమస్యలు. గడ్డంలోవి వెంట్రుక కుదుళ్ల వాపు. గడ్డం పూర్తిగా నున్నగా గీయకుండా ట్రిమ్మర్‌తో కురచగా కత్తిరించుకోండి. గీయవలసివస్తే స్నానం తరువాత, వెంట్రుకలు వాలిన దిశలోనే గీయండి, ఎదురు గీత వద్దు. అయితే ఎన్95 వంటి బిగుతు మాస్కు వాడేవారికి గడ్డం ఉంటే అంచు సరిగా అతకదు కాబట్టి వారు గడ్డం తీసేయక తప్పదు. చెవుల వెనక వచ్చినది తాళ్లలోని రబ్బరు తయారీకి వాడే రసాయనాలు పడకపోవడం కావచ్చు. గుడ్డ తాళ్లతో తల వెనక కట్టుకునే మాస్కు ఇమ్మని కంపెనీలో అడగండి. మాస్కు మార్చాక రెండు వారాల్లో తగ్గితే కారణం తేలినట్లే, తగ్గకపోతే ఏ పదార్థం పడడం లేదో చర్మం మీద అంటించి చూసే ప్యాచ్ పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: కరోనా సమయంలో మాస్కు వల్ల మొటిమలు వస్తే మెడికల్ షాపులో అడిగి ఒక క్రీము తెచ్చుకున్నాను. నాలుగు రోజుల్లో తగ్గాయి, ముఖం కూడా తెల్లబడింది. అప్పటినుంచీ వాడుతూనే ఉన్నాను. ఆపితే రెండో రోజుకే ముఖమంతా ఎర్రబడి, మంటపుట్టి, ముందుకన్నా ఎక్కువ పొక్కులు వస్తున్నాయి. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడినా ముఖం మండుతోంది. మా చెల్లెలు కూడా అదే వాడుతోంది.
– ఒక గృహిణి, వరంగల్లు

సమాధానం: అమ్మా, ఈ సంచికలో అన్నింటికన్నా నన్ను కలవరపెట్టిన ఉత్తరం మీది. మాస్కు చేసిన నష్టం చిన్నది, కొన్ని వారాల్లో సరిదిద్దుకోగలిగింది. ఆ క్రీము చేసిన నష్టం అటువంటిది కాదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అందులో స్టెరాయిడ్ ఉందని నేను గట్టిగా అనుమానిస్తున్నాను. ట్యూబు వెనక సన్నని అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుయోసినోలోన్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో భూతద్దం పెట్టి అయినా చూడండి. తెల్లబడడానికని అమ్మే కొన్నింటిలో మొమెటసోన్‌తోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిసి ఉంటాయి. అటువంటి మిశ్రమాలు మంగుమచ్చలకు, కొద్ది వారాలపాటు, చర్మవైద్యుల పర్యవేక్షణలో వాడవలసిన మందులు. అవి నిత్యం రాసుకునే ఫేస్ క్రీములు కావు.

స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది కనుక నాలుగు రోజుల్లో మొటిమలు మాయమైనట్లు కనిపిస్తుంది, రక్తనాళాలు ముడుచుకొని ముఖం తెల్లగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడుతుంది, సన్నని ఎర్రని రక్తనాళాలు పైకి తేలుతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఎండా వేడీ భరించలేని స్థితి వస్తుంది, మందు ఆపిన మరుక్షణం అణిగి ఉన్న వాపంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది చూసి భయపడి మళ్లీ రాస్తారు. ఈ వలయంలో చిక్కుకున్న ముఖాలను మన దేశంలోని చర్మవైద్యులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు. మా చర్మవైద్యుల జాతీయ సంఘం దీనికోసమే ఒక ప్రత్యేక కార్యదళాన్ని ఏర్పాటు చేసి పోరాడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. అయినా అడిగినవారికల్లా అవి చేతికి అందుతూనే ఉండడం, వాటిని ఒకరి నుంచి ఒకరు అక్కచెల్లెళ్లు, ఇరుగుపొరుగు పంచుకోవడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఒకవేళ ముఖం మీద ఉన్నది ఫంగస్ వల్ల వచ్చే తామర అయితే, స్టెరాయిడ్ దాని ఎరుపును దాచి, లోలోపల దాన్ని విస్తరింపజేస్తుంది కూడా.

ఇన్నాళ్లు వాడారు కాబట్టి ఉన్నపళంగా సొంతంగా ఆపవద్దు, అలాగని కొనసాగించనూ వద్దు. ఈ వారంలోనే చర్మవైద్యులను కలవండి. వెళ్లేటప్పుడు ట్యూబునూ దాని పెట్టెనూ వెంట తీసుకెళ్లండి, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్నిసార్లు రాశారో దాచకుండా చెప్పండి. తక్కువ బలం గల మందుకు మార్చి క్రమంగా తగ్గించాలా, నేరుగా ఆపి స్టెరాయిడ్ కాని వేరే పూతమందు ఇవ్వాలా అన్నది వారు మీ చర్మాన్ని చూసి నిర్ణయిస్తారు. మధ్యలో కొన్ని వారాలపాటు ముఖం ఎర్రబడి, పొక్కులు లేచి, మునుపటికన్నా అధ్వానంగా కనిపించే రోజులు వస్తాయి. అది చికిత్స విఫలమవడం కాదు, కాబట్టి అప్పుడు పాత ట్యూబు తెరవకుండా వెంటనే డాక్టరుకు తెలియజేయండి. ఆ రోజుల్లో సువాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, చల్లని నీటిలో తడిపిన గుడ్డ తప్ప ముఖానికి మరేదీ తగలనివ్వకండి. అడాపలీన్, శాలిసిలిక్ ఆమ్లం వంటివి పై సమాధానాలలో చదివి మీరు మొదలుపెట్టవద్దు, మీ చర్మం ప్రస్తుతం వాటిని తట్టుకోలేదు. మీ చెల్లెలినీ వెంట తీసుకెళ్లండి. ఆమె వాడుతున్న కాలం తక్కువైతే చికిత్స కూడా తేలికగా ముగుస్తుంది.